వంటింటి కింద రాజు

ఉదయం ఏడూ పదికి మేస్త్రీ వంటింటి గడప దగ్గర చెప్పులు విడిచి, పగిలిన బండ ఏదని అడిగాడు. నేను చూపించేలోపే పదకొండేళ్ల మా అమ్మాయి వెళ్లి దాని పక్కన కూర్చుంది.

"మెల్లగ లేపు చాచా. గీడ రాజు ఉంటడు."

"ఏం రాజు బిడ్డా?"

"మరుగుజ్జు రాజు. మా పెద్దనాయిన దోస్తు."

మేస్త్రీ నా వైపు చూశాడు. కానియ్యమని సైగ చేశాను.

మా అన్న వికారాబాద్‌లో మాతోనే ఉండి రోజూ రైల్లో తాండూరు వెళ్లేవాడు. అక్కడి బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఆయన పని, బండను వేలి కణుపుతో తట్టి వినడం. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పగులున్నది మందంగా పలుకుతుంది. పగులున్న బండ ఆయన చెవి దాటి పోయిందని ఎవరూ అనగా నేను వినలేదు.

రాజును కల్పించింది అన్నే. ఎత్తు గ్యాస్ సిలిండరంత. సొరంగాల కప్పు తక్కువ కాబట్టి కిరీటం పెట్టుకోడు. బండ మోసేటప్పుడు గడ్డాన్ని మొలతాడులో దోపుకుంటాడు. ఆ లోకంలో రాజు కొడుకు రాజు కాడు, అందరికంటే బాగా వినగలిగినవాడు అవుతాడు. తాండూరు గనుల అడుగు నుంచి రైలు పట్టాల కిందుగా మా వంటింటి దాకా అతనికి దారి ఉంది. అనంతగిరి కింద నీళ్లు ఊరే చోట ప్రజలంతా నెలకోసారి స్నానం చేస్తారు. రాజు మాత్రం చలి అని తప్పించుకుంటాడు. అతను పెట్టిన చట్టం ఒక్కటే: పైనుంచి ఎవరు తట్టినా జవాబు ఇవ్వాలి.

మా వంటింట్లో బండలన్నీ ఒకే తీరుగా పలికేవి. పొయ్యి గట్టు పక్కనున్న ఒక్కటి మాత్రం బోలుగా మోగేది. అదే జవాబు. రోజూ రైలుకు బయల్దేరే ముందు అన్నా, మా అమ్మాయీ దాని మీద మూడుసార్లు తట్టేవారు.

"ఏమంటుండు?" అని అన్న అడిగేవాడు.

"తానం జేయలేదంటుండు పెద్దనాయినా."

"ఇయ్యాల గూడనా? గీ రాజుతోని మస్తు పరేషాన్ ఉన్నది."

బండ బోలుగా మోగిందంటే దాని కింద సిమెంటు మాలు సరిగా పడలేదని అర్థం. ఆ సంగతి నాకు చెప్పింది కూడా అన్నే. మా ఇంటికి బండలు పరిచిన రోజుల్లో అప్పటి మేస్త్రీకి జ్వరం వస్తే వంటింటి పని అన్న తన చేతులతో ముగించాడు. అందుకే ఒకసారి విసుగులో నోరు జారాను.

"పని చెడగొట్టుకొని రాజును అడ్డం పెట్టినవ్ అన్నా."

అన్న నవ్వాడు. "నీకు గట్లనే వినబడుతదిరా," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు. పోయిన చలికాలం ఆయన చనిపోయాడు. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పనిలో తప్పు ముందా, రాజు ముందా?

బండ పగలడానికి కారణం నేను. అన్న ఉన్నన్నాళ్లూ నిండు సిలిండర్‌ను ఆ పక్కకు రానిచ్చేవాడు కాదు. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆయన పోయాక, వీలుగా ఉంటుందని తెచ్చి అక్కడే దింపాను.

మేస్త్రీ అంచున ఉలి పెట్టి బండను రెండు ముక్కలుగా లేపాడు. ముగ్గురం వంగి చూశాం. అతను లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"ఎవలు పరిచిన్రు సార్ గిది?"

"మా అన్న."

"మాలు ఎయ్య మర్చిపోయిన్రనుకున్న. కాదు. నాలుగు దిక్కుల అంచు జూడుండ్రి, తాపీతోని ఎంత సాఫ్‌గ కట్టిన్రో. నడుమల జల్లెడ పట్టిన ఇసుక, దాని మీద రెండు వేళ్ల జాగ. మర్చిపోయినోడు గింత ఫికర్ జేయడు సార్."

ఆ బండ పరిచినప్పుడు నా భార్యకు ఏడో నెల. కథ వినాల్సిన మనిషి అప్పటికింకా పుట్టలేదు.

అమ్మాయి ఇసుక మీద మూడుసార్లు తట్టింది. చప్పుడు రాలేదు.

మేస్త్రీ మాలు కలపడానికి బకెట్‌తో నీళ్లు తెచ్చి పెట్టాడు. "నింపాల్నా, గట్లనే ఇడిసిపెట్టాల్నా?" అని అడిగాడు. "ఇడిసిపెడితే ఎప్పటికైనా పగులుతది."

విడిచిపెట్టమని చెప్పబోయాను. అమ్మాయి నాకంటే ముందే మాట్లాడింది.

"నింపు చాచా. బకెట్ల నీళ్లు జూసి రాజు ఎప్పుడో ఉరికిండు."

మేస్త్రీ నవ్వాడు. తాండూరు నుంచి తెప్పించిన కొత్త బండను ఒకసారి తట్టి విని, తర్వాతే పరిచాడు. మూడు రోజులు దాని మీద నీళ్లు చల్లాం. నాలుగో రోజు నేను తట్టి చూశాను. మిగతా బండలు ఎలా పలుకుతాయో అదీ అలాగే పలికింది.

పొద్దున రైలు వేళకు మా వంటింట్లో ఇప్పుడు ఎవరూ నేల తట్టడం లేదు.