సోయా సంచుల మీద దూకులాట

పరాయి దేశంలో కూలీలముండే అస్కర్ క్యాంపు వంటగదిలో సోయా మీల్‌మేకర్ ఉడికేటప్పుడు వచ్చే పచ్చివాసనకు మా గదివాళ్లు ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం నిర్మల్ పక్కన మా ఊళ్లో, తొలకరికి ముందు ఇంటి నడవలో పేర్చిన సోయా విత్తనాల సంచులు గుర్తొచ్చి అన్నం సహించదు.

ఎండాకాలం చివర్లో అమ్మ ఆ సంచుల్లోంచి వంద గింజలు తీసి, తడి గోనెపట్టా మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టేది. రోజూ తడిపి, ఐదోనాడు విప్పి, తెల్లటి మొలకలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఎనభై దాటితే నవ్వేది. విత్తే రోజు బెల్లం నీళ్లలో నల్లటి జీవన ఎరువు కలిపి గింజలకు పట్టించి, ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టేది. సోయా సాళ్ల మధ్య కంది సాళ్లు, ఎడ్ల పండగ పొలాల అమావాస్యకు చేనంతా పచ్చదనం, దసరా ముందు ఉప్పేసి ఉడికించిన లేత కాయలు. ఆమె చెయ్యి మంచిదని ఊళ్లో ఐదారిళ్లవాళ్లు తమ చేలో ముందు గింజ ఆమెతోనే వేయించుకునేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అమ్మ మొలకలు చూసుకుని సంచులు కుట్టేశాక, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు అటక మీంచి ఆ సంచుల మీదికి దూకేవాణ్ణి. కాళ్ల కింద గింజలు పటపటమనేవి. భలే సరదాగా ఉండేది.

ఆ ఏడు వాన బాగానే పడింది. గింజ మాత్రం పదింటికి రెండు కూడా మొలవలేదు. నాన్న అమ్మను కొప్పు పట్టి చేలోకి ఈడ్చుకెళ్లి, నలుగురి ముందు ఖాళీ సాళ్లు చూపించాడు.

“మొలకలు లెక్కవెట్టినవా, కండ్లు మూస్కున్నవా? నీ చెయ్యి పాడువడ్డదే!”

“మంచిగనే మొలిచినయి” అంది అమ్మ. చెంప మీద కొట్టాడు.

మరుసటి ఎండాకాలం వ్యవసాయాధికారి మా బడిలో రైతులను కూర్చోబెట్టి, సోయా గింజ పొట్టు మహా పలచన, సంచిని ఎత్తి పడేసినా తొక్కినా లోపల మొలక చచ్చిపోతుంది, పసిపిల్లను దించినట్టు దించాలని చెప్పాడు. నాన్న నా వెనకే కూర్చుని తలూపుతున్నాడు. నాకంతా అర్థమైంది. పిల్లలు అమాయకులంటారు, నేను కాదు. అక్కడ పంచిన గుగ్గిళ్లు తిని, ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చాను.

ఆ వారమే పక్కచేను లచ్చత్త విత్తనం మొదలుపెడుతూ, ఎప్పట్లా ఒడి కట్టుకుని వచ్చిన అమ్మను చూసి నవ్వుతూనే, “వదినా, నువ్వు జర ఒడ్డు మీదుండు” అంది. అమ్మ ఒడి విప్పి, ఒడ్డు మీద నిలబడింది. ఆ తర్వాత కలుపుకు పిలిచారు, కోతకు పిలిచారు, విత్తనానికి మాత్రం ఎవరూ పిలవలేదు. నాన్న బతికినన్నాళ్లూ మా సంచుల మీద కూడా ఆమెను చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇప్పుడు మా ఊళ్లో సోయా ట్రాక్టరుతో విత్తుతున్నారు. ముందు గింజ వేయించే ఆనవాయితీ పోయింది, లచ్చత్త పోయింది, నాన్న పోయాడు. మొన్న శుక్రవారం డ్యూటీ లేనప్పుడు అమ్మకు ఫోన్ చేసి, సంచుల మీద దూకింది నేనేనని చెప్పేశాను. అవతల టీవీ కట్టేసింది.

“గిప్పుడు చెప్తె, ఎవల ముందట చెప్పుకోవాల్రా నేను?” అని ఫోన్ పెట్టేసింది.