ఒక్క పంటకే పనికొచ్చే కంది

తొంభైలలో వనపర్తి దగ్గర ఒక పరిశోధన క్షేత్రంలో కూలీకి కుదిరి, కంది పూలకు పెళ్ళిళ్ళు చేసేవాణ్ణి. నవ్వకండి, పని అదే. విచ్చుకోని మొగ్గను చిన్న పట్టకారుతో తెరిచి, కేసరాలు పీకేసి, మరో రకం పుప్పొడి అద్ది, పైన గుడ్డ సంచి కట్టాలి. ఏ చెట్టు పుప్పొడి దానికే తరతరాలుగా పడితే బలం తగ్గుతుందని, దూరపు రకాలు కలిస్తే మొదటి కాపు విరగకాస్తుందని మా సారు చెప్పేవాడు. మేనరికాలు తప్ప వేరే సంబంధం ఎరగని కూలీలం, ముఖాలు చూసుకొని నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడు మిగిలిన సంకర విత్తనం ఇంత నా చేతిలో పెట్టి, "ఇది ఒక్క పంటకే. దీని గింజ మళ్ళ విత్తొద్దని ఇంట్ల చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు. నాగర్‌కర్నూల్ వైపు మా ఎర్రచెలకలో ఆ కంది మనిషెత్తు దాటింది. ఊరంతా వచ్చి చూసి నన్ను మెచ్చుకుంటుంటే, ఇది ఒక్క ఏటి ముచ్చటేనని చెప్పి నా గొప్ప నేనే తగ్గించుకోవాలా? సిగ్గులేని మొహం నాది.

అమ్మ ఏటా కోతకు ముందు చేనంతా తిరిగి, మంచి చెట్ల కాయలు ఏరి, ఆ గింజలకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి కుండలో దాచేది. మా నాయనమ్మ చేతి నుంచి వచ్చిన తెల్లకంది అది. ఊళ్ళో అందరూ విత్తనానికి మా ఇంటికే వచ్చేవారు. ఆ ఏడు కుండలో కొత్త కంది పోసి, పాతదాన్ని విసుర్రాయిలో విసిరి పప్పు చేసింది. ఆ పప్పు రెండు పూటలా తిన్నాను, నోరు మాత్రం విప్పలేదు. విత్తనం అడిగినవాళ్ళకూ కొత్తదే పంచింది.

మరుసటి ఏడు చేను ఎగుడుదిగుడుగా పెరిగింది. ఒక చెట్టు నడుము దాకా, ఒకటి మోకాలి దాకా. ఒకటి పూతకొస్తే పక్కది ఇంకా ఆకు మీదే ఉంది. పంట సగం కూడా రాలేదు. విత్తనం తీసుకున్నవాళ్ళు అమ్మనే అన్నారు.

"ఏంది బిడ్డా, గిట్లయింది? నేనేమన్న తప్పు ఏరిన్నా?" అంది.

ఇన్నేళ్ళ తన చేతిని తనే అనుమానిస్తుంటే ఓర్వలేక, సారు చెప్పిన మాట అప్పుడు చెప్పాను. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెల్లకంది కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది, అమ్రాబాద్ దాకా పోయి చుట్టాలను అడిగింది. ఎక్కడా దొరకలేదు. ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చుంది.

"ముందుగల్ల చెప్తే ఒక్క దోసెడన్న దాపెట్టుకుంటుంటి గద, బిడ్డా."