తూర్పుకు కలిపిన మూడు నిమిషాలు

జనగామలో నాది చిన్న ప్రెస్సు. సూర్యోదయ, సూర్యాస్తమయాల లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. మొన్నటి రంజాన్‌కు మహబూబాబాద్‌లోని ఒక చిన్న మసీదులో అజా ఇచ్చే ఖాజామియా అడిగితే ఉపవాస వేళల కార్డు వేసి పంపాను. ఆ ఊరు మాకు తూర్పున ఉంది. మా వేళల్లోంచి మూడు నిమిషాలు తీసేయాలి. నేను కలిపాను. కార్డు ఆరు నిమిషాలు వెనకబడింది. పండుగ దాటాక గాని నా తప్పు కనబడలేదు. ఆయనకు నేరుగా చెప్పుకుందామని ఉదయం 7.40 రైలెక్కాను.

10.05కి దిగాను. మసీదు కూరగాయల వీధిలో ఉంది, నాలుగు వరుసలు పట్టే గది. తాళం వేసి ఉంది. ఎదురుగా మిర్చి అమ్మే అవ్వను అడిగాను.

"ఖాజామియానా? తీసేసిండ్రు బిడ్డా. కార్డుల ఇంక ఆరు నిమిషాలుండంగనే ఉపాసం ఇడిసే అజా ఇచ్చిండట. పొద్దు మునిగింది సూడుండ్రి అన్నడు. ఎవలింటరు? అందరి చేతుల కార్డే." మిర్చి మీద నీళ్లు చల్లింది. "మాపటి నమాజు కాంగనే మా పిల్లలకు దిష్టి పోను దువా సదివి ఊదేటోడు. ఇప్పుడొచ్చినాయన తాళమేసి పోతడు."

ఆ కార్డు నాదని చెప్పలేదు. ఆయన భూపాలపల్లిలో కూతురింట్లో ఉన్నాడని తెలిసి 11.20 బస్సెక్కాను. హనుమకొండలో మారాలి, అక్కడే భోంచేశాను. రెండో బస్సు నిండా ఆడవాళ్లు. ఘనపూర్‌లో దిగే ఒకామె మూట జరిపింది. "కూసో అన్న. మాకు ఫ్రీ, టికెట్ కొన్నది నువ్వొక్కనివే, నువ్వే నిలబడితె ఎట్ల?"

4.50కి ఖాజామియా వాకిట్లో ఎల్లిగడ్డలు ఒలుస్తూ కనిపించాడు. అంతా చెప్పాను. "నీ కొలువు నావల్లే పోయింది చాచా."

"కొలువు పోతె పోయింది. గాళ్ల రోజాలు?"

నాకర్థం కాలేదు.

"కార్డు చూసి తెల్లారకముందు తినే సహరీ తిన్నరు నాయినా. ఆరు నిమిషాలు తెల్లారినంక గూడ తిన్నరు. ఆ ఉపవాసాలన్ని మల్ల పట్టాలె. ఆడ చెప్పి వచ్చినవా?"

"లేదు."

"మసీదు ముంగటిదాక పోయి గూడ?"

నాతో రమ్మన్నాను. "నేనొస్తె నా మాట నెగ్గించుకోనీకి వచ్చిండంటరు. నువ్వే చెప్పు," అన్నాడు. ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉంచారు.

మర్నాడు 6.10 బస్సుతో మొదలుపెట్టి మధ్యాహ్నం నమాజుకు మహబూబాబాద్ చేరాను. అది ముగిశాక గుమ్మంలో నిలబడి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. "ముసలాయన మాటే నిజమైంది," అని ఒకాయన తల దించుకున్నాడు. ఇంకొకాయన గదంతా చూశాడు.

"రంజాన్ల మా వరుసలు మిర్చి బండ్లదాక పోతయి అన్న. ఇయ్యాల పదకొండు మందిమి. మిగిలినోళ్లకు ఎవలు చెప్తరు?"

ఖాజామియాను మళ్లీ పిలుస్తారా అని అడిగాను. మాట్లాడుకుంటామన్నారు.

3.35 రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. చిన్న మసీదుకు సరైన కార్డుంటే చాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. మిద్దెక్కి పడమర చూసే మనిషి అక్కడ ఉండేవాడు. సవరించిన కార్డు నేను రేపే వేయగలను. పాతది నమ్మి ఎందరు తిన్నారో, వాళ్లలో ఇప్పుడు ఊళ్లో ఎందరున్నారో లెక్క కట్టడానికి మాత్రం నా దగ్గర అంకెల్లేవు.