టకటక మేడమ్ నోరు విప్పని పాఠం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. టకటక మేడమ్ నోరు ఊరికేం చేసిందో గానీ, ఇరవై ఆరేళ్లు ఫ్రెంచ్ క్రియారూపాలు పలికించీ పలికించీ ఆమె గొంతునే తినేసింది. మూడు నెలలు పెదవి విప్పొద్దని, విప్పితే ఇక మాటే ఉండదని డాక్టరు తేల్చేశాడు.

ఆమె పద్ధతి ఒక్కటే. మాటను ముక్కలుగా విడగొట్టి, పలికే ప్రతి ముక్కకీ వేలి కణుపుతో బల్లమీద ఒక దెబ్బ. 'ను ఫినిసోఁ'కి నాలుగు. 'ఇల్ పార్ల్'కి రెండే. రాతలో ఆ మాట చివర మూడక్షరాలు వేలాడుతున్నా వాటికి దెబ్బా లేదు, పలుకూ లేదు. ఆ పేరు అలా వచ్చిందే.

"గొంతు లేకుండా ఎలా చెప్తారు మేడమ్? రికార్డింగులు పెట్టుకుంటాను. రేపొక్క క్లాసు చూస్తా, కుదరకపోతే మానేద్దురు గాని" అన్నాడు భాషల ఇన్‌స్టిట్యూట్ మేనేజరు. ఒకప్పుడు అతనూ ఆమె క్లాసులో వెనక బెంచీవాడే. ఆమెకు కోపం కన్నా అలసటే ఎక్కువ వచ్చింది. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? ఆమెకు వేరే పనీ రాదు.

మర్నాడు మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె బోర్డుమీద ఆ రెండు దెబ్బల మాటే రాసి, టక్ టక్ మని కొట్టింది. క్లాసులో చేరిన బ్యాంకు గుమాస్తా ఒకడు లేచి, చివరి మూడక్షరాలూ పొల్లుపోకుండా చదివాడు. "ఇల్ పార్లెంట్."

ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? దిద్దడానికి ఆమె నోరు తెరిచేసింది. మాట బయటికి వచ్చేలోపే బెంచీలన్నిటి మీదా ఒక్కసారిగా రెండు దెబ్బలు పడ్డాయి. గుమాస్తా నాలుక కరుచుకున్నాడు.

"ఇల్ పార్ల్."

దెబ్బలు తలుపు చెక్క మీదా పడ్డాయి. మేనేజరు తన వేలికేసి తనే చూసుకున్నాడు.

"నేనూ అలాగే చదివేవాణ్ని మేడమ్. మూడు నెలలు మాట్లాడకండి. క్లాసు మీదే" అని వెళ్లిపోయాడు.

బల్ల వెనక ఒక కుర్చీ ఉండాలి. ఇన్నేళ్లలో పాఠం మధ్యలో ఆమె దాన్ని వాడిందే లేదు. దుమ్ము దులిపి కూర్చుంది. కాళ్లు ఎంత లాగుతున్నాయో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. డాక్టరు మాట గుర్తొచ్చి, చప్పుడు కాకుండా ఏడ్చింది.