ఒక పెట్టెలో రెండు కాపురాలు

నేత్రావతికి కోపం ఎక్కువని బెంగళూరు చిక్కపేటలో మా ప్రెస్సు చుట్టుపక్కల అందరూ అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళు ఆమె పక్క కుర్చీలో కూర్చుని టైపు కొట్టినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆమె కోపం మామూలు కోపమే, తెప్పించేవాళ్ళే ఎక్కువ. నా పేరు సమీనా, మాది హిందూపురం. కోపం నాకూ వస్తుంది. ఇది రాస్తున్నది కూడా కోపంతోనే.

మాది పెళ్ళిపత్రికల ప్రెస్సు. చీరల కొట్ల మధ్య ఇరుకు మెట్లెక్కి వస్తే రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మేమిద్దరం. కస్టమరు నోటితో చెబుతుంటే నేత్రక్క కొట్టేది. అతను వాక్యం ముగించేసరికి తెరమీద కూడా వాక్యం ముగిసేది. కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూసేది కాదు. పెన్నుతో రాయమంటే మాత్రం విసుక్కునేది. "పెన్ను పట్టుకుంటే నాకు ఆలోచన నిలిచిపోతాదే సమీనా" అనేది. కాగితం మీద ఏదీ రాసుకోని ఆ అలవాటే తర్వాత ఆమె కొంప ముంచింది.

వాళ్ళిల్లు ఊరి తూర్పు చివర కాడుగోడిలో. పొద్దున్నే రైలెక్కి, సిటీ స్టేషన్లో దిగి, చేతిబండ్ల మధ్య నడుచుకుంటూ పేటకు వచ్చేది. ఇంట్లో తల్లి భాగీరథమ్మ, తమ్ముడు మునీంద్ర. మూడు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో కన్నడం, ఇంగ్లీషు చదువుకుంటారు. తెలుగు అక్షరాలను నేత్రక్క ప్రెస్సులో చేరాక పట్టుబట్టి నేర్చుకుంది.

2003 ఫిబ్రవరిలో ఆమె తన జీతంతో ఒక పాత కంప్యూటరు కొని ఇంటికి తీసుకెళ్ళింది. అది పత్రికల కోసం కాదు, సుంకమ్మ కోసం.

సుంకమ్మ మంత్రసాని. సర్జాపుర చుట్టుపక్కల పల్లెల్లో యాభై ఏళ్ళు కాన్పులు చేసింది. డెబ్బై దాటాక, మోకాళ్ళకు మందు ఇప్పించడానికి కూతురు కాడుగోడికి తెచ్చి ఉంచుకుంది. ఆ కూతురి ఇల్లు నేత్రక్క వాళ్ళ వీధిలోనే. సుంకమ్మకు చదువు రాదు. చెప్పడం మాత్రం ఎంత బాగా వచ్చునో నేను చెవులారా విన్నాను. ఒక సాయంత్రం అరుగుమీద ఆమె చెప్పిన కాన్పు కథ విని, ఇది పుస్తకం కావాలని నేత్రక్క తీర్మానించుకుంది. ఆదివారాల్లో అవ్వను పిలిపించి, కాఫీ ఇచ్చి, కంప్యూటరు పక్కన కూర్చోబెట్టేది. అవ్వ చెప్పేది, ఈమె కొట్టేది. అలా ఎనిమిది నెలలు సాగింది.

కొన్ని ఆదివారాలు నేనూ వెళ్ళాను. వానలో ఎద్దులబండి కింద పురుడు పోసిన సంగతి, గుమ్మం తొక్కనివ్వని పెద్దింటివాళ్ళు కోడలికి నొప్పులు మొదలయ్యాక కాళ్ళు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిన సంగతి నవ్వుతూ చెప్పింది. నవ్వకుండా చెప్పినవి వేరే ఉన్నాయి. చనిపోయి పుట్టిన బిడ్డల గురించి ఒక్కొక్కరి పేరున చెప్పింది. పేరు పెట్టకముందే పోయినవాళ్ళకు తనే పేర్లు పెట్టుకుందట. మూడో ఆడపిల్ల వద్దని అత్తగారు చెవిలో గొణిగితే, ఆ పసిగుడ్డును చీరచెంగులో చుట్టుకుని నాలుగు ఊళ్ళ అవతల పిల్లల్లేని ఇంట్లో ఇచ్చి వచ్చిన సంగతి చెప్పిన రోజు ముగ్గురం ఏడ్చాం. ఆ మాట అంతకు ముందు కన్నకూతురికి కూడా చెప్పలేదంది.

"ఇంకో కాపీ పెట్టుకో అక్కా" అని నేనే చెప్పాను. ఆమె పెట్టుకుంది, అదే పెట్టెలో డి డ్రైవులో. మాకు తెలిసింది అంతే. అచ్చుకిచ్చేటప్పుడు అంతా ఒకేసారి ప్రింటు తీద్దామనుకున్నాం. ఇప్పుడు అది తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్యలోనే మునీంద్రకు వైట్‌ఫీల్డ్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరిన నెలకే అక్క కంప్యూటరు మీద కన్నుపడింది.

"అక్కా, ఇందులో ఉండేది దొంగ విండోస్. వైరసులు పడతాయి. పక్కన లైనక్స్ అని ఇంకో సిస్టం ఏస్తా. నీది నీకు ఉంటాది, నాది నాకు ఉంటాది. ఆన్ చేస్తే ఏది కావాలని అదే అడుగుతాది."

"ఒక పెట్టెలో రెండు కాపురాలా?" అంది నేత్రక్క.

"మధ్యలో గోడ కట్టేస్తా గదక్కా. నీ ఫైళ్ళు నేను ముట్టను."

గోడ కట్టిన మాట నిజమే. ఆ గోడకు తలుపు కూడా పెట్టుకున్నాడు, తన వైపు నుంచి మాత్రమే తెరుచుకునే తలుపు. లైనక్స్‌లో కూర్చుంటే విండోస్ ఫైళ్ళన్నీ కనబడతాయి. విండోస్‌లో కూర్చున్న నేత్రక్కకు అవతల ఏముందో కనబడదు. ఈ సంగతి వాడు చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆన్ చేయగానే నల్లటి తెరమీద రెండు పేర్లు వచ్చేవి. పది సెకండ్లలో కింది బాణం నొక్కకపోతే లైనక్స్ తనంతట తానే లేచి కూర్చునేది. కాడుగోడిలో కరెంటు సంగతి చెప్పాలా? అవ్వ కథ మంచి పట్టులో ఉండగా పోయేది. మళ్ళీ వచ్చేసరికి నేత్రక్క కాఫీ గిన్నె దగ్గరుంటే పది సెకండ్లు దాటిపోయేవి. మళ్ళీ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, బాణం నొక్కి కూర్చునేసరికి అవ్వ ఎక్కడిదాకా చెప్పిందో మరిచిపోయేది.

"నాది ముందర పెట్టురా" అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. "రేపు మారుస్తానక్కా" అనేవాడు. కొన్నది ఆమె, పని ఆమెది, తలుపు తట్టి లోపలికి పోవాల్సింది కూడా ఆమే. నాకు అప్పుడే ఒళ్ళు మండేది.

2003 అక్టోబరులో అవ్వ చెప్పడం పూర్తయింది. "అయిపోయింది తల్లీ, ఇంక నా కడుపులో ఏమీ లేదు" అని నేత్రక్క తల నిమిరి, సర్జాపురలో కొడుకింటికి వెళ్ళిపోయింది. నేత్రక్క తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. అంతలో పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. నెలన్నర పాటు ఆదివారాలు కూడా ప్రెస్సులోనే గడిచాయి.

డిసెంబరులో ఒక ఆదివారం తీరిక దొరికి నేత్రక్క ఇంట్లో కంప్యూటరు తెరిచింది. సుంకమ్మ పేరు పెట్టుకున్న ఫోల్డరు లేదు. డి డ్రైవులో చూసింది, అక్కడా లేదు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. తమ్ముణ్ణి పిలిచింది. వాడు తల తుడుచుకుంటూ వచ్చి, ఏదో మేలు చేసినవాడిలా చెప్పాడు.

"ఓ అదా! వైరసు తినేసిన ఫైళ్ళక్కా అవి. తెరిస్తే అంతా చెత్త. డి లోనూ అంటుకుని ఉండింది. రెండు చోట్లా క్లీన్ చేసేసినా."

జరిగింది ఏమిటో మా పని తెలిసినవాళ్ళకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఆ రోజుల్లో మేము కొట్టే తెలుగుకు దాని ఫాంటు ఉండి తీరాలి. ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు వాక్యమంతా కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలుగా, డాలర్లుగా, చుక్కలుగా కనబడుతుంది. మేము రోజుకు పదిసార్లు చూసేవాళ్ళం. ఫాంటు మార్చుకుంటే తెలుగై కూర్చునేది. ఆ ఫాంటు విండోస్‌లో ఉంది, లైనక్స్‌లో లేదు. ఈ పెద్ద ఇంజనీరు తన తలుపు తీసుకుని వచ్చి, అవ్వ యాభై ఏళ్ళను చూసి చెత్త అనుకున్నాడు.

లైనక్స్ నుంచి తుడిచాడు కాబట్టి రీసైకిల్ బిన్‌లో లేవు. ఖాళీ అయిన చోట ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాటలు, సినిమాలు నింపుకున్నాడు. మరునాడు వాడి స్నేహితుడు వచ్చి పొద్దంతా వెతికాడు. దొరికినవి వాడి పాటల ముక్కలే.

ఆ ఆదివారం నేత్రక్క మొదట అరవలేదు. కుర్చీలో కూర్చుని తెలుగులో ఒక వరుస కొట్టింది. తమ్ముణ్ణి తెర ముందుకు లాగింది.

"ఏమని రాసినానో చదువు."

వాడు తెరవైపు చూసి, నావైపు చూశాడు. "నాకు తెలుగు చదవను రాదు గదక్కా."

"చదవను రానోనికి చెత్త అని ఎట్ల తెలిసిందిరా?" అని అప్పుడు అరిచింది. వీధిలో ఉన్నవాళ్ళు గుమ్మం దాకా వచ్చారు. "నన్నొక మాట అడగను నీకు నోరు లేదా? రైలు దిగి ఇంటికొచ్చేదాకా ఆగను చేతకాలేదా?"

"నువ్వు బ్యాకప్ పెట్టుకోవల్ల గదక్కా" అన్నాడు వాడు. సిగ్గులేని మాట. ఇంట్లో పడి దోచినవాడు తాళం ఎందుకు వేసుకోలేదని అడిగినట్టుంది.

భాగీరథమ్మ వంటింట్లోంచి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. "సుమ్మనే, ఊరికే గలాటా ఎందుకే? వాడు మంచికే చేసినాడు. సుంకమ్మ బతికే ఉండాది గదా, పోయి మళ్ళా చెప్పించుకో."

మళ్ళా చెప్పించుకో! ప్రెస్సు ఓనరు అదే అన్నాడు. రైల్లో స్నేహితురాళ్ళూ అదే అన్నారు. క్షమించమని అడగాల్సినవాడు ఒక్కడూ అడగలేదు, సలహా మాత్రం అందరూ ఇచ్చారు. ఎనిమిది నెలల ఆదివారాలు పోతే వాళ్ళ సొమ్మేం పోయింది? అయినా నేత్రక్కకు ఉన్న ఆశ అదొక్కటే. తర్వాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి సర్జాపుర వెళ్ళింది.

అవ్వ వాకిట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. ఆదివారాల్లో మా ఎదుట కూర్చున్న మనిషి కంటే ఒళ్ళు చేసింది, ముఖం తేటగా ఉంది. నేత్రక్క జరిగిందంతా దాచకుండా చెప్పింది. మళ్ళీ చెప్పగలవా అని అడిగింది.

అవ్వ చేతిలో గింజ గిన్నెలో వేసి, గిన్నె పక్కకు జరిపింది.

"నువ్వు రాసి పెట్టుకుంటివి గదా తల్లీ. ఇంక నేను మోసేది ఎందుకని ఇడిసేసినా. ఆ సచ్చిన బిడ్డల మొకాలు యాభై ఏండ్లు నా కండ్ల ముందర తిరిగినాయి. నీకు చెప్పినాక రావడం మానేసినాయి. కొందరి పేర్లు కూడా మర్సిపోయినా. నిమ్మళంగా ఉండాది." కొంగుతో చేయి తుడుచుకుంది. "వాళ్ళను మళ్ళా పిలవమంటావా? నువ్వు పిలవమంటే పిలుస్తా."

"వద్దవ్వా" అంది నేత్రక్క.

అవ్వ మాకు అన్నం పెట్టి పంపింది. బస్సులో నేను ఏడ్చాను, నేత్రక్క ఏడవలేదు. ఇంటికి వచ్చేసరికి మునీంద్ర కంప్యూటరు ముందే ఉన్నాడు. పాటలు వింటున్నాడు.

"ఏమనింది అవ్వ? మళ్ళా చెప్తానన్నిందా?"

"పేర్లు మర్సిపోయిందంట. నేను భద్రంగా పెట్టుకుంటానని నమ్మి మర్సిపోయిందంట."

వాడు కుర్చీ ఇటు తిప్పి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "అట్లయితే ఇంకేమక్కా! ఆయమ్మకే లేని బేజారు నీకెందుకు?"

నేత్రక్క వాడిని చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే చిక్కపేట వెనక సందులో ఒక గది చూసుకుని, రెండు బట్టల సంచులతో వచ్చేసింది. పెట్టె మొత్తం వాడికే వదిలేసింది. కంప్యూటరు కోసం సొంత తమ్ముణ్ణి వదులుకుందని కాడుగోడిలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.