గుమ్మం మీద నా మొహం

మా వీధిలో పిల్లలు అన్నం తినకపోతే బూచోణ్ణి పిలవరు, నన్ను పిలుస్తారు. "తింటావా, మూలింటి అక్కను పిలవాల్నా?" అని ఎదురింటావిడ అనడం ఆలస్యం, వాళ్ల బుడ్డోడు గబుక్కున నోరు తెరుస్తాడు. అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటూ నేను వింటూనే ఉంటాను. కాలింది మొహం మాత్రమే, చెవులు బాగానే ఉన్నాయి.

మాది ఎమ్మిగనూరులో నేత ఇల్లు. చిన్నప్పుడు పడుగు నూలుకు పట్టించే గంజి కాగుతుంటే పోయి దాని మీద పడ్డాను. ఎడమ చెంప, చెవి, మెడ కరిగి ఒకటైపోయాయి. నన్ను చూసినవాళ్లు మొదట మొహం తిప్పుకుంటారు, తర్వాత మళ్లీ చూస్తారు. ఆ రెండోసారి చూడటమే నాకు ఒళ్లు మండిస్తుంది.

ఆ మంటతోనే దెయ్యం బొమ్మల కథ మొదలుపెట్టాను. బొమ్మలు నాకెవరూ నేర్పలేదు. మా నాయన నేసే చీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్ వేయడం ఒక్కటే వచ్చు. నెమలైనా మామిడిపిందైనా ఒక్కో గడి రంగుతో నింపుకుంటూ పోవాలి. ఒక్క గడి తప్పినా నేతలో నెమలి ముక్కు వంకరపోతుంది. దెయ్యాన్నీ అట్లాగే, నా మొహంతోనే వేశాను. మంచి చెంప తొందరగానే అయిపోయింది. కాలిన చెంపకే ఎన్ని మధ్యాహ్నాలూ చాలలేదు. చిన్న అద్దం మోకాళ్ల మధ్య పెట్టుకుని, మడత మడతా చూసుకుంటూ నింపాను. బుద్ధి తెలిశాక నా మొహాన్ని నేను అంతసేపు చూసుకుంది అప్పుడే. పూర్తయ్యాక చూస్తే నాకే గుండె ఝల్లుమంది. ఆ వెంటనే భలే గర్వమేసింది.

కథ పెద్దదేం కాదు. మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలో దెయ్యం ఉంటుంది. పిల్లల్ని జడిపించడానికి తల్లులు దాన్ని పిలుస్తారు. పిలిస్తే నిజంగానే వస్తుంది. పిల్లల జోలికి మాత్రం పోదు, పిలిచిన తల్లినే కాళ్లు పట్టుకుని గుంటలోకి ఈడ్చేస్తుంది. ఎదురింటావిడను మొదటి పేజీలోనే ఈడ్పించాను, ముక్కుపుడకతో సహా. జిరాక్సు తీయించి, కుట్టి, అరుగు మీద పెట్టాను. నన్ను చూస్తే పారిపోయే పిల్లకాయలే వచ్చి వరసగా కూర్చున్నారు. "అక్కా, మా అమ్మను ఇంగోసారి గుంతలో ఏసెయ్యక్కా," అని ఆవిడ కొడుకే నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

నాకు ఒక్కతే చెల్లెలు. దాన్ని చంకనేసుకుని పెంచింది నేను. నాకు ఎవరూ సంబంధం చూడలేదు, దానికి చూశారు. ఆదోనిలో ఇచ్చారు. మరిది అక్కడ పత్తి మిల్లులో గుమాస్తా. ఊరి చివర సొంతంగా ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి పిలవడానికి ఇద్దరూ వచ్చారు. ఆ ఇంట్లో పాలు పొంగే వేళకు దాని పక్కన నిలబడాలని నాకెంత ఆశో! ఆ రోజు చెల్లెలు కట్టుకోవడానికని నాయన నేసిన చీరకు అంచు కూడా నేనే వేశాను.

మరిది అరుగు మీది పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. అట్ట నిండా దెయ్యం మొహమే.

"యబ్బా! వదినా, ఇదేంది సామీ, గుండె ఆగిపోతాది! బజార్లో దొరికే దిష్టిబొమ్మలు దీని ముందర యాడికి సాలుతాయి? పెద్ద ఫ్లెక్సీ ఏయించి మా గుమ్మం మీద కడతా."

అది ఎవరి మొహమో తెలియదనుకోవడానికి లేదు. ఎదురుగానే కూర్చున్నాను.

"కట్టుకోప్పా. ఆ పొద్దు నేనే వచ్చి దగ్గరుండి కట్టిస్తా," అన్నాను.

అతను చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు గాజులు సవరించుకుంది. "నువ్వు మల్లా తీరిగ్గా రాక్కా. ఆ పొద్దు మా అత్తోళ్ల పక్కవాళ్లంతా వస్తాండారు. శుభమా అని ఇంట్లోకి పోయేటప్పుడు ఎదురుగా..." అని మిగతాది మింగేసింది.

"నా మొహం కావల్ల, నేను వద్దా?"

"అట్లంటే ఎట్లక్కా? అది దిష్టికి కదా!" అంది, ఎంతో న్యాయం మాట్లాడినట్టు.

అమ్మ మధ్యలో దూరి, "పోనీలేమ్మా, నీ బొమ్మన్నా పోతాండాది గదా," అంది. కన్నతల్లని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టిపోశాను. అట్ట మాత్రం చించి ఇచ్చాను. నా బొమ్మ తలుపంత పెద్దదై ఊరంతా చూసేట్టు నిలబడుతుందంటే ఆశపడ్డాను, అంతే. బొమ్మలు గీసేవాళ్లకు సిగ్గుండదు.

గృహప్రవేశం రోజు అమ్మా నాయనా చీర పట్టుకుని ఆదోని బస్సెక్కారు. మధ్యాహ్నానికి ఫోన్లో ఫోటో వచ్చింది. గుమ్మం మీద నా మొహం, పక్కన గుమ్మడికాయ, కింద నేను వేసిన అంచు చీరలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ నా చెల్లెలు. సాయంత్రం అమ్మ తిరిగొచ్చి, "అందరూ నీ బొమ్మనే మెచ్చుకున్న్యారు మే. బొమ్మే ఇట్లుంటే మనిషి ఎట్లుంటాదో అనింది వాళ్లత్త," అని సంబరంగా చెప్పింది. లోపలికి పోయి ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను.

మొన్న ఎండాకాలంలో చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఎండకు ఆ బొమ్మ ఎలిసిపోయింది. కొత్తది గీసియ్యి. ఈసారి ఇంకా భయమయ్యేట్లు ఉండల్ల." ఇంటికి రమ్మంటుందేమోనని ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. బిడ్డకు జలుబు చేసిందని చెప్పింది, కొళాయి నీళ్లు సరిగా రావడం లేదని చెప్పింది, పెట్టేసింది.

గళ్ల కాగితం తీసి చెల్లెలి మొహం వేశాను. దానికి ఫోటో కూడా అక్కర్లేదు, రోజూ ఆ మొహం కడిగి బొట్టు పెట్టిందాన్ని. కళ్లు పెద్దవి చేశాను, కోరలు పెట్టాను, జుట్టు విరబోశాను. నోరు మాత్రం ఏమీ మార్చలేదు. ఆ రోజు మాట మింగేటప్పుడు పక్కకు పోయిన నోరు ఉన్నదున్నట్టే దింపి పంపించాను.

కట్టిన మరుసటి రోజే మళ్లీ ఫోన్.

"యమ్మో అక్కా, పాతది దీని ముందర ఏం పనికొస్తాది! పొద్దున్నే తలుపు తీసి మా అత్త జడుసుకుని చెంబు పారేసింది. బిడ్డయితే దాన్ని సూసి ఒకటే ఏడుపు, నన్ను కర్సుకుని వదల్లేదు. ఆ నోరు యాడ సూసి గీసినావక్కా?"

"మనింట్లోనే," అన్నాను.

"మనింట్లో యాడ?" అని, తట్టక, నవ్వేసి పెట్టేసింది. ఆ పూట నేను మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిన్నాను.