పైరవీకి పేరు రాయించుకున్నాం

మన దేశంలో పైరవీ చేసేవాడు ఆ మాట పైకి చెప్పుకోడు. సెక్రటేరియట్ చుట్టూ తిరుగుతాడు, మంత్రిగారి బావమరిదికి నమస్కారం పెడతాడు, పని కాగానే మాయమవుతాడు. అమెరికాలో అలా కాదని నాకు మా అమ్మాయి వల్ల తెలిసింది. అక్కడ పైరవీ ఒక ఉద్యోగం. దాన్ని లాబీయింగ్ అంటారు. చేసేవాడు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకుని, ఫొటో ఉన్న బిళ్ళ ఒకటి కోటుకి తగిలించుకుని మరీ చేస్తాడు. అంతటితో అయిపోలేదు. వాణ్ణి పెట్టుకున్నవాళ్ళు కూడా తమ పేర్లు రాయించుకోవాలి. ఏ చట్టం కోసం పెట్టుకున్నారు, ఏ శాసనసభ్యుడికి ఏమిచ్చారు, ఏం తినిపించారు, అన్నీ కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. వినగానే ఇదేదో పద్ధతిగానే ఉందే అనుకున్నాను. ఆ పద్ధతి వచ్చి నా వంటింట్లోనే కూర్చుంటుందని అనుకోలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మనవరాలు పుట్టిందని ఆయనా నేనూ వెళ్ళాం. ఆయనకి కొన్నాళ్ళకే విసుగొచ్చి తిరిగి వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. మా అమ్మాయి విశాఖపట్నంలో ఫార్మసీ చదివింది. ఆ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాల్లో చదివినవాళ్ళని ఫార్మసిస్టు పరీక్షకి కూర్చోనివ్వరు. రాసి తప్పితే అది వేరు. అసలు రాయనే వద్దంటే ఏం చేస్తాం? అమ్మాయి ఒక మందుల షాపులోనే పనిచేసేది, కానీ మందులున్న వైపు కాదు. షాంపూలూ పుట్టినరోజు కార్డులూ ఉన్న వైపు. మందులిచ్చే కిటికీ అక్కణ్ణించి కనబడుతూ ఉంటుంది. సాయంత్రం వచ్చి బూట్లు విప్పుకుంటూ ఆ కిటికీ దగ్గర ఏం జరిగిందో చెప్పేది, పిలవని పెళ్ళి గోడమీంచి చూసొచ్చినట్టు.

ఆ ఏడు ఒక బిల్లు వచ్చింది. అది చట్టమైతే మనవాళ్ళూ పరీక్ష రాయవచ్చు. ఇలా ఫార్మసీ చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళల్లో కొన్ని ఇళ్ళల్లో ఉన్నారు. అందరూ కలిసి చందాలు వేసుకుని ఒక లాబీయిస్టుని పెట్టుకున్నారు. సన్నగా, ఎప్పుడూ గొంతు నొప్పితో ఉన్నట్టు మాట్లాడే దొర. మొదటిరోజే అతను చెప్పాడట, మీరూ నమోదు కావాలి, బాధ్యత గల మనిషి ఒకరు సంతకం పెట్టాలి అని.

ఆ ఆదివారం మగవాళ్ళందరూ మా అమ్మాయి ఇంట్లో కూర్చున్నారు. ఉగాది సంబరాలకి ఎవరు అధ్యక్షుడో తేలక పోయిన ఏడు రెండు చోట్ల ఉగాది చేసిన మనుషులు వీళ్ళు. సర్కారు కాగితం మీద పేరు అనేసరికి ఒక్కొక్కడూ పక్కవాడి గొప్పదనం చెప్పడం మొదలుపెట్టాడు. ఒకాయనకి గ్రీన్‌కార్డు రాలేదు. ఒకాయనది గవర్నమెంటు ఉద్యోగం. ఇంకొకాయన తన కంపెనీ ఒప్పుకోదన్నాడు. మా అల్లుడు కాఫీ కప్పులు తీయడానికి లేచాడు. ఆ ఇంట్లో అతను కప్పు తీయడం నేను చూడటం అదే మొదలు.

చివరికి అమ్మాయే చెయ్యి తుడుచుకుని వచ్చి, "పరీక్ష రాయాల్సింది నేను. నేనే సైన్ చేస్తాను, ఇటివ్వండి," అంది.

అలా పైరవీ పెట్టుకున్నవాళ్ళందరి తరఫునా మా అమ్మాయి పేరు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర రాయబడింది.

బిల్లు ముందు ఒక కమిటీ దాటాలి. ఆ కమిటీలో ఒక శాసనసభ్యురాలు ఎటూ చెప్పకుండా ఉంది. వీళ్ళ సంగతి వింటానని ఒక సాయంత్రం ఇంటికే వచ్చింది. పొడుగు మనిషి, తెల్లజుట్టు, నా ఈడుదే. కాఫీ, చిన్న ఫలహారం తప్ప ఏమీ పెట్టవద్దని లాబీయిస్టు ముందే చెప్పి పంపాడు. గారెలు చిన్నవే చేశాను. ఆవిడ ఒకటి తీసుకున్నప్పుడల్లా ఆ దొర ముఖం మాడిపోతూ వచ్చింది. ఆవిడ మాత్రం అందరి మాటా శ్రద్ధగా విని, అమ్మాయిని నాలుగు ప్రశ్నలడిగి లేచింది.

ఇంటికి వచ్చిన ఆడమనిషిని, అందులోనూ మొదటిసారి వచ్చినదాన్ని, ఉత్తచేతులతో ఎవరు పంపుతారు? మగవాళ్ళు బయట కార్ల దగ్గర ఉన్నారు. నేను ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచి, బొట్టు పెట్టి, చిలకపచ్చ రవిక ముక్క, రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టాను. బొట్టుకి ఆవిడ వంగవలసి వచ్చింది. నవ్వింది, నా చేయి నొక్కింది, వెళ్ళిపోయింది. నాకు కడుపు నిండినట్టయింది.

నెలాఖరుకి లాబీయిస్టు ఫోన్ చేశాడు. ఎవరికైనా ఏమైనా ఇచ్చారా, రిపోర్టులో రాయాలి అని. అమ్మాయి సంతోషంగా బొట్టూ రవికా సంగతి చెప్పింది. అతను ఆ సంగతంతా రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడట.

"అమ్మా, నువ్వు ఆవిడకిచ్చింది గిఫ్ట్ కిందకి వస్తుందట," అంది ఫోన్ పెట్టేసి.

"గిఫ్టేమిటే? పసుపు కుంకాలు."

"వాళ్ళ దగ్గర ఆ కాలమ్ లేదు."

కావలసిన వివరాలివి. వస్తువేమిటి, వెల ఎంత, ఎవరు కొన్నారు. ఏదో ఒక వెల వేసి పారేయమని అల్లుడు అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. ఈ బిల్లు వద్దనేవాళ్ళకీ ఒక లాబీయిస్టు ఉన్నాడట, అతను ఈ కాగితాలు వెతికి వెతికి చదువుతాడట. సంతకం తనది. రేపు లైసెన్సు ఇచ్చే బోర్డు, ఎప్పుడైనా ప్రభుత్వానికి అబద్ధం రాశావా అని అడుగుతుంది. రాయనిస్తారో లేదో తెలియని పరీక్ష కోసం ముందే మచ్చ తెచ్చుకోనంది.

సరే, నిజమే రాద్దాం, వెల ఎంత అంది నాతో. నాకేం తెలుసు? నేను కొంటే కదా. శ్రావణమాసం పేరంటంలో పక్క ఊరి ఇల్లాలు ఒకావిడ పెట్టింది. ఇందులో దాచవలసిందేమీ లేదు. పెట్టిన రవికలన్నీ కుట్టించుకుంటే బీరువాలు ఎక్కడ సరిపోతాయి? వచ్చింది వచ్చినట్టు మడత నలగకుండా పెట్టుకుంటాం, ఇంకొకరికి పెడతాం. పైగా ఆ ముక్క ఎవరికీ చాలదు. చాలే గుడ్డయితే ఎవరో ఒకరు ఎప్పుడో కుట్టించుకునేవారు.

అమ్మాయి ఆ పక్క ఊరి ఆవిడకి ఫోన్ చేసింది. మొదట ఆవిడ, స్వయంగా కొని తెచ్చానని ప్రమాణం చేసినంత పని చేసింది. వెల చెప్పండి, గవర్నమెంటుకి రాయాలి అనేసరికి, తనకి ఫలానా డాక్టరుగారి భార్య పెట్టిందని ఒప్పుకుంది.

డాక్టరుగారి భార్యకి చేస్తే ఆవిడకి కోపం వచ్చింది. "నేనంత ప్రేమగా పెడితే వదినగారు ఇంకొకరికి అంటగట్టేశారా? చెప్పండి, ఇంకా ఏమేం ఇచ్చేశారు నావి?" అని మొదలుపెట్టింది. ఆ ప్రేమగా పెట్టినది మీరెక్కడ కొన్నారండీ అని అమ్మాయి మెల్లిగా అడిగితే, షామ్‌బర్గ్ అనే దూరపు ఊరికి వెళ్ళిపోయిన ఒక స్నేహితురాలు ఇచ్చిందని తేలింది.

షామ్‌బర్గ్ అంటే లాంగ్ డిస్టెన్సు. రేటు తగ్గే వేళ దాకా ఫోన్ ముట్టుకోనివ్వలేదు నేను. ఆ స్నేహితురాలు పాపం ఆలోచించి ఆలోచించి, "చిలకపచ్చదా? అది మీ అమ్మగారే పెట్టారు కదండీ, మీ పాప బారసాలకి!" అంది.

అమ్మాయి రిసీవరు చేత్తో మూసి నా వైపు చూసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేనే ఊరినుంచి తెచ్చాను. మా ఆడపడుచు పెట్టినది. ఆవిడకి ఎవరు పెట్టారో అడగాలంటే జాబు రాయాలి, జవాబుకి నెల పడుతుంది. నేను ఆ మాట అనగానే అమ్మాయి ఫోన్ పెట్టేసి సోఫాలో కూర్చుంది. అల్లుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల నవ్వుతున్నాడని నాకు తెలుసు.

ఈ కథంతా విన్న లాబీయిస్టు ఇంకొక దారి చెప్పాడు. ఆ శాసనసభ్యురాలు వస్తువు తిరిగి ఇచ్చేస్తే, తిరిగి పుచ్చుకున్నామని అమ్మాయి తల్లిగా నేను రసీదు ఇస్తే, వెలతో పనిలేదు. ఆవిడకీ అదే కావాలట. అది తన దగ్గర ఉండగా ఓటు వేయడం బాగుండదని ఆవిడ అనుకుంటోందట.

నేను కుదరదన్నాను. బొట్టు పెట్టి ఇచ్చిన రవిక వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉందా? ఆవిడ ఇంటికి మంచిది కాదు, మన ఇంటికీ మంచిది కాదు. అల్లుడు నచ్చచెప్పబోయాడు. "అత్తయ్యగారూ, జస్ట్ ఫార్మాలిటీ," అన్నాడు. నాదీ ఫార్మాలిటీయే బాబూ, మీవాళ్ళ దానికంటే పాతది అన్నాను.

 మర్నాడు అమ్మాయి పనిలోకి వెళ్ళేముందు, షాపువాళ్ళిచ్చిన ఎర్రకోటు వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నేను ఫార్మసీలో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరూ వద్దన్నారు. నువ్వొక్కదానివే చదవనీ అన్నావు. గుర్తుందా?"

"ఉంది."

"మరి ఇప్పుడు నువ్వొక్కదానివే అడ్డు."

వెళ్ళిపోయింది. నేను కూరలు తరుగుతూ కూర్చున్నాను. మనవరాలు వచ్చి ఒళ్ళో పడుకుంది. మధ్యాహ్నానికి ఒక ఆలోచన తోచింది. వెనక్కి తీసుకోకూడదు, నిజమే. పెడితే పుచ్చుకోవచ్చు కదా. ఆవిడా ముత్తయిదువే, భర్త ఉన్నాడని తనే చెప్పింది. ఆవిడ నాకు బొట్టు పెట్టి ఇస్తే నాకేం అభ్యంతరం?

అల్లుడు ఇది ఇంగ్లీషులో లాబీయిస్టుకి చెప్పడానికి చాలాసేపు పట్టింది. తిరిగి ఇవ్వాలని ఉందిగాని ఎలా ఇవ్వాలో చట్టంలో లేదని అతను తేల్చాడు. శాసనసభ్యులు మాలాంటివాళ్ళకి ఇస్తే తప్పా అంటే, ఆ బాధ ఇంతవరకూ ఎవరికీ రాలేదన్నాడు.

కమిటీ కూర్చునే రోజున రాజధానికి వెళ్ళాం. పాలరాతి నడవా, ఎత్తు స్తంభాలు, బిళ్ళలు తగిలించుకున్న పైరవీకారులు గోడవారన బారులు తీరి ఉన్నారు. ఇంతమంది పైరవీకారులు పట్టపగలు సిగ్గులేకుండా నిలబడటం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆవిడ కవరులో రవిక పెట్టుకుని వచ్చింది. నేను కుంకం భరిణ తీసి పట్టుకున్నాను. ఆవిడ వేలు నిండా తీసుకుని నా నుదుట ఇంత బొట్టు పెట్టింది, సగం ముక్కు మీద రాలింది. రవిక నా చేతిలో పెట్టింది. నేను రసీదు మీద తెలుగులో సంతకం చేశాను. లాబీయిస్టు దాన్ని తిప్పి చూసి, ఏది పైవైపో మా అల్లుణ్ణి అడిగాడు.

అరటిపళ్ళ సంగతేమిటని ఆవిడే అడిగింది. తినేసిందట. అవి మటుకు రిపోర్టులో ఎక్కాయి, ఫలహారం కింద.

లోపల కమిటీ మొదలైంది. మేము వెనక వరసలో కూర్చున్నాం. ఆవిడ వంతు వచ్చినప్పుడు ఓటు చెప్పేముందు లేచి, ఈ బిల్లు కోరుతున్నవాళ్ళ ఇంట్లో ఒక వస్తువు పుచ్చుకున్నానని, అది ఇచ్చేశానని అందరిముందూ చెప్పింది. ఏ వస్తువని ఎవరో అడిగారు. నవ్వులు వినబడ్డాయి.  అప్పుడు ఆవిడ, ఆ ఇంట్లో ఒక మనిషిని అడిగిన ప్రశ్నలకి జవాబులు దొరికాయి, అందుకు ఓటు వేస్తున్నాను, గుడ్డముక్కకి కాదు అని మాకు అనుకూలంగా చెప్పింది. అల్లుడు చెవిలో చెబితే నాకు అర్థమైంది. ఒక్క ఓటుతో గట్టెక్కాం. తరవాత పెద్ద సభలోనూ గవర్నరు దగ్గరా అది ఇంకొన్నాళ్ళు నానింది గానీ, గండం గడిచింది ఆ రోజే.

బయటికి వస్తూ ఆవిడ మా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిది. మళ్ళీ దేనికి లెక్క రాయవలసి వస్తుందో.

కారులో అందరూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అమ్మాయి మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏమిటే, సంతోషంగా లేదా అన్నాను.

"చదివి ఎన్నాళ్ళయింది అమ్మా. అన్నీ మర్చిపోయాను. ఇప్పుడు నిజంగా రాయాలి."

ఇంటికి రాగానే అటకలాంటి గదిలోంచి ఆ పాత పుస్తకాల పెట్టె నేనే దింపించాను. బల్ల మీద షాపు కార్డులూ పాప బొమ్మలూ తీసేసి పుస్తకాలు పేర్చాను. రాత్రి భోజనాల దగ్గర అల్లుడు, గెలిచాం కదా, శనివారం అందర్నీ డిన్నర్‌కి పిలుద్దాం అన్నాడు.

"పరీక్ష అయ్యేదాకా ఈ ఇంటికి ఎవరూ రారు. పేరంటాళ్ళు కూడా," అన్నాను. "నువ్వు చదువుకో, తల్లీ. పాపని నేను చూసుకుంటాను."

అమ్మాయి కంచంలో చెయ్యి కడుక్కుని, లేచి పుస్తకం తెరిచింది.